పోర్చుగల్ టేబుల్ వైన్లు: అయిదు సీసాలు, రెండు విడతలు, ఒక భోజనం

పోర్చుగల్ పేరు వినగానే వైన్ పరిచయం ఉన్నవారికి మొదట గుర్తుకు వచ్చేది పోర్ట్, ఆ తరువాత మదీరా. ఆ రెండూ ద్రాక్ష నుంచి తీసిన స్పిరిట్ కలిపి ఘాటు పెంచిన వైన్లు. భోజనానికి ముందో తరువాతో చిన్న గ్లాసులో పుచ్చుకునేవి. ఆ దేశస్థులు చేపతో, మాంసంతో, మొక్కజొన్న రొట్టెతో, అన్నంతో కలిపి తాగేది మాత్రం స్పిరిట్ కలపని మామూలు వైన్. ఈ వ్యాసంలో టేబుల్ వైన్ అంటే అదే.

ఈ వైన్లను పుస్తకం చదివి నేర్చుకోవడం కష్టం. ఆ చిన్న దేశంలో 250కి పైగా స్వదేశీ ద్రాక్ష రకాలు ఉన్నాయి, పైగా ప్రాంతం మారితే పేరు మారుతుంది. దోరు లోయలో తింత రొరీజ్ అనే ద్రాక్ష అలెంతేజులో అరగొనేజ్ అవుతుంది, సరిహద్దు దాటి స్పెయిన్‌లోకి వెళ్తే తెంప్రనీయో అవుతుంది. ఫెర్నౌ పీరెస్ అనే తెల్ల ద్రాక్షను బైర్రాదలో మరియా గోమెస్ అని పిలుస్తారు. అందువల్ల సీసాలను పక్కపక్కన పెట్టుకుని, నలుగురూ కలిసి రుచి చూసి, ఒకరి నాలుకకు తోచింది మరొకరి నాలుకతో సరిచూసుకోవడమే దగ్గరి దారి. ఇంకొక సంగతి ఉంది. ఈ వైన్లలో చాలా వాటిని ఉత్తినే తాగితే పులుపో వగరో ఎక్కువైనట్టు అనిపిస్తుంది, ఎందుకంటే అవి తిండి పక్కన నిలబడడానికి తయారైనవి. కాబట్టి ప్రతి సీసానూ ఒకే సాయంత్రం రెండుసార్లు, మొదట విడిగా, తరువాత భోజనంతో, రుచి చూడాలన్నది ఈ మార్గదర్శి పద్ధతి. మొదటి విడతలో మార్కులు తక్కువ తెచ్చుకున్న సీసా రెండో విడతలో ముందుకు రావడం నేను ఎన్నోసార్లు చూశాను.

పేర్లు పలకడానికి సంకోచించనక్కరలేదు. పోర్చుగీసు త, ద అక్షరాలు మన త, ద లాగే పళ్లకు నాలుక తగిలించి పలికేవి. మాట చివర ‘ఓ’ రాసి ‘ఉ’ అని పలకడం వారి అలవాటు. మాట చివర ‘ఉ’ చేర్చడం మనకూ అలవాటే. విన్యు, దోరు, అలెంతేజు అనడం ఇంగ్లీషువారి కంటే మనకే సులువు.

మొదటి అడుగు: మనుషులు, కొలత

ఎనిమిది మంది, అయిదు సీసాలు సరైన లెక్క. సీసాలో 750 మిల్లీలీటర్లు ఉంటుంది. మొదటి విడతలో మనిషికి 30 మిల్లీలీటర్లు పోస్తే సీసాకు 240 ఖర్చవుతుంది. భోజనంలో మనిషికి 50 చొప్పున పోస్తే 400 అవుతుంది. అడుగున 110 మిల్లీలీటర్లు మిగులుతుంది. ఆ మిగులు కావాలని ఉంచేది, దాని పని మర్నాడు చెబుతాను. మొదటి విడతలో రుచి చూసి ఉమ్మివేస్తే, భోజనం ముగిసేసరికి ఒక్కొక్కరు తాగేది 250 మిల్లీలీటర్లు, అంటే సీసాలో మూడో వంతు. ఉమ్మడం మర్యాద కాదేమో అని కొందరు మొహమాటపడతారు. తాంబూలం పక్కన తమ్మపడిగ పెట్టిన ఇళ్ల వారసులకు అది కొత్త విషయం కాకూడదు. మూత ఉన్న రెండు చెంబులు బల్ల మీద పెడితే చాలు.

ఖర్చును సమానంగా పంచుకోవడం కంటే ఒక్కొక్క సీసా బాధ్యతను ఒకరిద్దరికి అప్పగించడం నాకు నచ్చిన పద్ధతి, ఎందుకంటే తాను తెచ్చిన సీసా గురించి మనిషి నాలుగు విషయాలు తెలుసుకుని వస్తాడు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ చట్టబద్ధమైన వయసు 21 ఏళ్లు. వాహనం నడపవలసినవారు, మందులు వాడుతున్నవారు, గర్భిణులు తాగే వరసలో ఉండకూడదు. వారిలో ఒకరికి సీసాలు పోసి నంబర్లు వేసే పని అప్పగిస్తే సభ సజావుగా నడుస్తుంది.

రెండో అడుగు: అయిదు సీసాలను ఎంచుకోవడం

ఖరీదైన సీసా ఒక్కటి కొనడం కంటే అయిదు ప్రాంతాల నుంచి మధ్యరకం సీసాలు అయిదు కొనడం మేలు. రుచి చూసే వరసలోనే చెబుతాను.

మొదటి సీసా విన్యు వెర్ద్. ఆ మాటకు పచ్చ వైన్ అని అర్థం, అయితే పచ్చదనం రంగులో కాదు, లేతదనంలో. వానలు ఎక్కువగా పడే వాయవ్య మూల మిన్యు ప్రాంతం దీని స్వస్థలం. 1908లో దీని సరిహద్దులు నిర్ణయించారు. అక్కడి రైతులు పూర్వం తీగను చెట్ల మీదికి, ఎత్తైన పందిళ్ల మీదికి పాకించి, కింద మొక్కజొన్న వేసుకునేవారు. నీడా తేమా ఎక్కువ కావడంతో ద్రాక్షకు పూర్తిగా తీపి ఎక్కదు; అందుకే వైన్‌లో పులుపు ఎక్కువ, మత్తు తక్కువ, తరచుగా 9 నుంచి 11.5 శాతం వరకు. నాలుకకు చురుక్కుమనే సన్నని బుడగలు చౌక రకాల్లో ఈనాడు ఎక్కువగా సీసాలో నింపేటప్పుడు చేర్చిన వాయువు వల్ల వచ్చేవే. ఆ బుడగల రకం కాకుండా లేబుల్ మీద లౌరెయ్రు లేదా అల్వరిన్యు అని ద్రాక్ష పేరు రాసిన సీసా తీసుకోండి. లౌరెయ్రు పూల వాసనతో తేలికగా ఉంటుంది. మొన్సౌన్, మెల్గాసు పరిసరాల్లో పండే అల్వరిన్యు మరికొంత చిక్కగా, బలంగా ఉంటుంది.

రెండో సీసా దౌన్ ప్రాంతపు తెల్ల వైన్, ఎంక్రుజాదు ద్రాక్షతో చేసినది. దౌన్ అంటే కొండలు చుట్టూ గోడ కట్టిన గ్రానైట్ పీఠభూమి. ఇదీ 1908లోనే గుర్తింపు పొందింది. అయితే పోర్చుగల్ నియంత సలజార్ పాలనలో రైతులు ద్రాక్షను సహకార సంఘాలకే ఇవ్వవలసి రావడంతో దశాబ్దాల పాటు ఇక్కడి వైన్ నాణ్యత దిగజారింది. 1986లో పోర్చుగల్ యూరోపియన్ కమ్యూనిటీలో చేరిన తరువాతనే ఆ గుత్తాధిపత్యం తొలగి, సొంత తోటలవారు తిరిగి తలెత్తారు. ఎంక్రుజాదు తొలి గుక్కలో గట్టిగా ఏమీ చెప్పదు. గ్లాసులో పది నిమిషాలు ఉంచిన తరువాత మాట్లాడుతుంది. అది దొరకకపోతే లిస్బన్‌కు ఉత్తరాన ఉన్న బుసెలస్ నుంచి అరింతు ద్రాక్ష వైన్ తీసుకోవచ్చు. నిమ్మతొక్క వాసన, ఎండలోనూ వదలని పులుపు దాని గుణాలు. ఆ బుసెలస్‌లోనే ‘ఎజ్గాన కౌన్’ అనే ద్రాక్ష కూడా ఉంది, ఆ పేరుకు అర్థం కుక్క గొంతు నులిమేది. ఎంత పులుపో వేరే చెప్పనక్కరలేదు.

మూడో సీసా అలెంతేజు ఎర్ర వైన్. దక్షిణాన ఎండ మండే విశాలమైన మైదానాలు, గోధుమ చేలు, సీసా బిరడాలకు వాడే బెండు (కార్క్) చెట్లు ఉన్న ప్రాంతం అది. ద్రాక్ష బాగా పండుతుంది కనుక వైన్ మెత్తగా, పండు రుచితో, 14 శాతం దాకా బలంగా ఉంటుంది. అరగొనేజ్, త్రింకదెయ్ర ద్రాక్షలతో పాటు అలికాంత్ బూషే కలుపుతారు. ఈ చివరిది ఫ్రాన్స్‌లో పుట్టిన సంకరజాతి. సాధారణంగా నల్ల ద్రాక్షకు రంగు తొక్కలోనే ఉంటే, దీనికి గుజ్జు కూడా ఎర్రగానే ఉంటుంది. అలెంతేజులో రోమన్ల కాలం నాటి ‘తాల్య’ పద్ధతి ఇంకా బతికి ఉంది. మన ధాన్యపు గూనల వంటి పెద్ద మట్టి పాత్రలకు లోపల పైన్ చెట్టు జిగురు పూసి, ద్రాక్షను తొక్కలతో సహా పులియబెట్టి, నవంబర్ 11న, సెయింట్ మార్టిన్ పండుగ నాడు తెరుస్తారు. తాల్య వైన్ దొరికితే ఆరో సీసాగా చేర్చండి. అయిదింటిలో ఒకదానికి బదులుగా మాత్రం పెట్టకండి, దాని దారి వేరు.

నాలుగో సీసా దోరు ఎర్ర వైన్. 1756లో, పోర్చుగల్ పాలన నడిపిన మార్క్విస్ ఆఫ్ పొంబాల్ హయాంలో సరిహద్దులు గీసిన ప్రాంతం ఇది. ఆ గీత పోర్ట్ కోసం. పలకరాతి నేలలో, నది మీదికి వాలిన కొండచరియలకు మెట్లు చెక్కి నాటిన ఆ తోటల్లో పండిన మేలైన ద్రాక్షంతా రెండు శతాబ్దాల పాటు పోర్ట్‌కే పోయింది. ఫెరెయ్ర అనే పోర్ట్ సంస్థలో పనిచేసిన ఫెర్నాందు నికొలావ్ ద అల్మెయ్ద 1952 పంటతో ‘బార్కా వెల్యా’ అనే ఎర్ర టేబుల్ వైన్ చేసి, ఆ ద్రాక్షకు మరో దారి ఉందని చూపాడు. మనకు అంత ఖరీదైనది అవసరం లేదు. తూరిగ నసియొనాల్, తూరిగ ఫ్రాంక, తింత రొరీజ్ కలిసిన సాధారణ దోరు సీసా చాలు. ‘విన్యాస్ వెల్యాస్’ అని రాసి ఉంటే, అది ముసలి తోటల ద్రాక్ష. అటువంటి తోటల్లో ఒకే పొలంలో ఇరవై, ముప్పై రకాలు కలగాపులగంగా నాటి, కలిపే కోసి, కలిపే పులియబెట్టేవారు. ఏ రకం ఎంత అన్న లెక్క ఆ తోట యజమానికి కూడా ఉండకపోవచ్చు.

అయిదో సీసా బైర్రాద నుంచి, బాగ ద్రాక్షతో చేసినది. తొక్క మందం, పక్వానికి రావడం ఆలస్యం, పులుపూ వగరూ రెండూ ఎక్కువ. అట్లాంటిక్ గాలి తగిలే ఆ బంకమట్టి నేలల్లో వానలకు ముందే కోయాలా, ఆగాలా అన్నది ప్రతి ఏటా జూదం. ఈ సీసా నచ్చనివారు మీ ఎనిమిది మందిలో ముగ్గురైనా ఉంటారు. అయినా దీన్ని వదలకండి. ఈ సాయంత్రం అసలు పాఠం దీని దగ్గరే ఉంది.

మూడో అడుగు: కొనేటప్పుడు లేబుల్ చదవడం

డీఓసీ అంటే గుర్తింపు పొందిన ప్రాంతం, కట్టుదిట్టమైన నియమాలు. ‘విన్యు రెజియొనాల్’ అంటే పెద్ద ప్రాంతం, సడలించిన నియమాలు. అలెంతేజులో మంచి వైన్లు చాలా ఈ తరగతిలోనే వస్తాయి కనుక దీన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. తింతు అంటే ఎరుపు, బ్రాంకు అంటే తెలుపు, కింత అంటే తోట, కొల్యెయ్త అంటే పంట ఏడు. ‘గర్రఫెయ్ర’ అని ఉంటే ఎర్ర వైన్‌ను కనీసం 30 నెలలు, అందులో 12 నెలలు సీసాలోనే, నిలవ ఉంచారని అర్థం. ద్రాక్ష రకాన్ని ‘కాస్త’ అంటారు, ఒకే రకంతో చేసిన వైన్ ‘మోనోకాస్త’. మన సమాజాన్ని వర్ణించడానికి ఇంగ్లీషువారు వాడే ‘క్యాస్ట్’ కూడా ఆ పోర్చుగీసు మాట నుంచి వచ్చిందే. ద్రాక్షల విషయంలో కలగలుపు మీద వారికున్న నమ్మకం చూస్తే ఆ మాట ప్రయాణం విచిత్రంగా తోస్తుంది. మాటల సంగతి వచ్చింది కనుక, మన ‘పీపా’ కూడా ఆ భాషలోని ‘పీప’ నుంచే వచ్చింది. దోరులో ఈనాటికీ వైన్‌ను పీపల లెక్కనే కొలుస్తారు.

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు ఉన్న దుకాణంలో అరుదుగా దొరికే సరుకు వైనే. పెద్ద నగరాల్లోని దిగుమతి మద్యం దుకాణాల్లో వెతకాలి, సుంకాల వల్ల ధర మూలధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. అయిదు ప్రాంతాలూ దొరకకపోతే విన్యు వెర్ద్, దోరు, అలెంతేజు మూడింటితో మొదలుపెట్టవచ్చు. ఎండలో నిలబెట్టిన సీసా, బిరడా పైకి ఉబ్బిన సీసా, నాలుగైదేళ్లు దాటిన చౌక విన్యు వెర్ద్ కొనకండి.

నాలుగో అడుగు: చల్లదనం, గ్లాసులు

ఎర్ర వైన్‌ను గది వేడిమిలో ఇవ్వాలన్న మాట చలిదేశపు రాతి ఇళ్లలో పుట్టింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గది వేడిమి 30 డిగ్రీలు దాటినప్పుడు అదే పాటిస్తే వైన్ ఉడికిన కషాయంలా ఉంటుంది. విన్యు వెర్ద్ 8 నుంచి 10 డిగ్రీలు, ఎంక్రుజాదు 11 లేదా 12, ఎర్రవి 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. తెల్లవాటిని ఫ్రిజ్‌లో మూడు గంటలు ఉంచి, ఎంక్రుజాదును పోయడానికి పావుగంట ముందు బయటికి తీయండి. ఎర్రవాటిని గంటకు పైగా ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. మరిచిపోతే బకెట్‌లో ఐస్, నీళ్లు సగం సగం పోసి సీసా ముంచితే ఇరవై నిమిషాల్లో పని అవుతుంది. నీళ్లు లేకుండా ఐస్ ముక్కలు మాత్రమే వేస్తే సీసాకు సరిగా అంటుకోక చల్లబడడం ఆలస్యం అవుతుంది.

గ్లాసు అడుగు వెడల్పుగా, మూతి సన్నగా, రంగు లేకుండా ఉంటే చాలు. మనిషికి రెండు గ్లాసులు, మధ్యలో కడుక్కోవడానికి నీళ్లు. ఆ సాయంత్రం అగరుబత్తి, మల్లెపూలు, అత్తరు దూరంగా ఉంచవలసి రావడం కొందరికి కష్టమే, కానీ తప్పదు.

అయిదో అడుగు: తెరవడం

బాగ సీసానూ దోరు సీసానూ గంటన్నర ముందే తెరిచి, గాజు జగ్గులోకి వంచి గాలి తగలనివ్వండి. మిగిలినవి పోసే ముందు తెరిస్తే సరిపోతుంది. ప్రతి సీసానూ పంచే ముందు ఒకరు వాసన చూడాలి. వానాకాలంలో తడిసిన గోనెసంచి వాసన, నానిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడాలో చేరిన ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం వల్ల కలిగిన దోషం; ఎంత గాలి తగిలినా పోదు, పక్కన పెట్టేయాలి. బిరడా గురించి ఒక మాట: ప్రపంచపు బెండులో దాదాపు సగం పోర్చుగల్‌దే. బెండు చెట్టు బెరడును తొమ్మిదేళ్లకొకసారి ఒలిచి, ఆ ఏడాది చివరి అంకెను చెట్టు మీద తెల్లరంగుతో రాస్తారు.

సీసాలకు పాత వార్తాపత్రిక చుట్టి ఒకటి నుంచి అయిదు వరకు నంబర్లు వేయండి. ధర, పేరు కనబడితే నాలుక నిజం చెప్పదు.

ఆరో అడుగు: మొదటి విడత

పైన చెప్పిన వరసలోనే పోయండి. బాగను చివర ఉంచడానికి కారణం, దాని వగరు నాలుకను పట్టుకుంటే తరువాతి వైన్ రుచి తెలియదు. తెల్ల కాగితం ముందు రంగు చూసి, గ్లాసు తిప్పకుండా ఒకసారి, తిప్పి ఒకసారి వాసన చూసి, చిన్న గుక్కను నోరంతా తిప్పి, ఉమ్మేసి, ఎంతసేపు రుచి నిలిచిందో మనసులో లెక్కపెట్టుకోవాలి. ప్రతి ఒక్కరూ మౌనంగా మూడు వాక్యాలు రాసుకున్న తరువాతనే మాటలు మొదలుపెట్టాలి. లేకపోతే గొంతు పెద్దదైన మిత్రుడి అభిప్రాయమే ఎనిమిది కాగితాల మీదా కనిపిస్తుంది.

రాసేటప్పుడు అరువు మాటల కోసం వెతకకండి. షడ్రుచులతో పెరిగిన మనకు ‘వగరు’ అనే మాట చిన్నప్పుడే వచ్చేస్తుంది. ఇంగ్లీషులో దానికి సమానమైన ఇంటి మాట లేక శాస్త్రపు మాట వాడుకుంటారు. ఎర్ర వైన్‌లోని టానిన్లు అనే వగరు పదార్థాలు లాలాజలంలోని మాంసకృత్తులకు అంటుకోవడం వల్ల నోరు ఆరినట్టు, చిగుళ్లు బిగిసినట్టు అవుతుంది. అది ఎలాంటి వగరో పోల్చి రాయండి: నేరేడు పండుదా, పచ్చి జామకాయదా, వక్కదా, కరక్కాయదా? అలెంతేజు వైన్ నాకు బాగా పండిన నేరేడు, బాగ మాత్రం వక్కకు దగ్గర. పులుపుకూ అంతే. నిమ్మ, చింతచిగురు, ఉసిరి మూడూ వేరు. చిక్కదనానికి మజ్జిగతేట నుంచి మీగడ పాల వరకు ఒక కొలబద్ద పెట్టుకోవచ్చు. తూరిగ నసియొనాల్‌లో పాశ్చాత్యులు చెప్పే వయొలెట్ పూలను మనలో చాలామంది చూసి ఉండరు, మీ ముక్కుకు నారింజ తొక్క తోస్తే అదే రాయండి.

ఏడో అడుగు: మూడు పళ్లేల పరీక్ష

భోజనానికి ముందు పావుగంట దీనికి కేటాయించండి. ఒక పళ్లెంలో ఉప్పగా ఉండే చీజ్, రెండోదానిలో నిమ్మచెక్క, మూడోదానిలో ఎండుమిరప కారంతో చేసిన పచ్చడి చుక్క. ఒక్కొక్కటి నోట్లో వేసుకుని వెంటనే రెండో నంబరు, అయిదో నంబరు వైన్లు చప్పరించండి. చీజ్ తిన్నాక బాగ మెత్తబడుతుంది, ఎందుకంటే టానిన్లు లాలాజలాన్ని వదిలి చీజ్‌లోని మాంసకృత్తులను పట్టుకుంటాయి. నిమ్మ చప్పరించాక ఏ వైనైనా పులుపు తగ్గి తీపి పెరిగినట్టు ఉంటుంది; మరీ మెత్తని వైన్ చప్పబడిపోతుంది. కారం తరువాత మత్తు ఎక్కువగా, వగరు ఎక్కువగా ఉన్న వైన్ మంటను రెట్టింపు చేస్తుంది. ఈ మూడూ నోటితో తెలుసుకున్నవారికి ఏ వంటకం పక్కన ఏ సీసా పెట్టాలో వేరే పట్టిక అక్కరలేదు.

ఎనిమిదో అడుగు: భోజనం, రెండో విడత

పోర్చుగల్‌లో విన్యు వెర్ద్‌కు కాల్చిన సార్డీన్ చేపలు, ఉప్పు చేప బకల్యావ్ వంటకాలు తోడు. దౌన్ వైన్లకు సెర్ర ద ఎష్ట్రెల కొండల గొర్రెపాల చీజ్ తోడు; ఆ పాలను ఒక ముళ్ల మొక్క పూలతో విరగ్గొడతారు. బాగకు బైర్రాదలోనే పుట్టిన జత ఉంది: కట్టెల పొయ్యిలో తోలు కరకరలాడేలా కాల్చిన లెయ్తౌన్ అనే పాలపంది. ఆ కొవ్వును కోయడానికే ఆ పులుపూ ఆ వగరూ పుట్టాయా అనిపిస్తుంది.

మన వంటలతో జతపరచదలచినవారు కారాన్ని తగ్గించి, పులుపును ఉంచుకోవాలి. చింతపండు చేపల పులుసుకు అంతే పులుపున్న విన్యు వెర్ద్ తట్టుకుంటుంది. తక్కువ మసాలాతో వేయించిన కొవ్వున్న వేటమాంసానికి బాగ, మిరియాల కోడి వేపుడుకు దోరు, గుత్తి వంకాయకు అలెంతేజు పెట్టి చూడండి. గోంగూర మాంసం పక్కన అలెంతేజు నిలవలేదు, బాగ నిలిచింది, అదీ కారం సగానికి తగ్గించాక. ఆవకాయ బల్ల మీదికి వస్తే వైన్ పని అయిపోయినట్టే. ఆ పూటకు ఆవకాయను గౌరవంగా వంటింట్లోనే ఉంచండి.

ఈ విడతలో వరస పట్టింపు లేదు. అయిదు సీసాలూ బల్ల మీద ఉంటాయి, ఎవరి గ్లాసు వారు పోసుకుంటారు, ‘సౌద్’ అంటూ గ్లాసు ఎత్తుతారు. భోజనం సగం అయ్యాక మొదటి విడత కాగితాలు తీసి, ఏ నంబరు స్థానం మారిందో ఒక్కొక్కరూ చదివి వినిపించాలి. ఆ తరువాతనే వార్తాపత్రిక విప్పాలి.

తొమ్మిదో అడుగు: మర్నాడు

మిగిలిన 110 మిల్లీలీటర్లను సీసాలోనే బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, ఎర్రవి కూడా. మర్నాడు సాయంత్రం గృహస్థుతో పాటు మరొకరు ఉంటే చాలు. ఎర్రవాటిని అరగంట ముందు బయట పెట్టి మళ్లీ రుచి చూసి, పాత కాగితాల కింద ఒక వాక్యం చేర్చి అందరికీ పంపండి. విన్యు వెర్ద్ సాధారణంగా నీరసించి ఉంటుంది, దాన్ని చేపల కూరలో పోసేయవచ్చు. అలెంతేజు ఉన్నచోటే ఉంటుంది. రాత్రంతా గాలితో సర్దుకున్న బాగ మాత్రం వక్క వగరును కొంత వదిలి, ముందురోజు దాచుకున్న పండు రుచిని బయటపెట్టి ఉండవచ్చు. అలా జరిగితే అదే సీసా ఇంకొకటి కొని, మంచం కింద చల్లని మూలలో పడుకోబెట్టి, అయిదేళ్ల తరువాతి తేదీ చీటీ మీద రాసి అంటించండి.